పాత ఇంగ్లీషు పోయెమ్స్ పిల్లలకు గైడు లేకుండా చెప్పడం ఎలా? (హైస్కూలు పిల్లల కోసం)

#1 పటమట వాణి

నమస్కారమండీ. ప్రోజ్ లెసన్ అయితే పిల్లలు ఎలాగో లాక్కొస్తారు, పోయెం దగ్గరే ఆగిపోతున్నారు. ప్రతి మాటకీ పైన పెన్సిల్‌తో అర్థం రాసుకుంటారు. అన్నీ కలిపి చదవమంటే ఏమీ రాదు. ఆఖరికి గైడులో సమ్మరీ బట్టీ పడతారు, ప్రశ్న కాస్త తిప్పి అడిగితే తెల్లమొహం. ఫ్రాస్ట్, వర్డ్స్‌వర్త్, షెల్లీ, షేక్‌స్పియర్, ఏ సిలబస్ అయినా తిరిగి తిరిగి వచ్చేది వీళ్లే కదా. ఇంట్లో కూర్చోబెట్టి చెప్పాలంటే ఏ వరసలో చెప్పాలి? ఎక్కడ తప్పటడుగు పడుతుంది?

#2 బ్రాడీపేట మాస్టారు

వాణిగారూ, దీనికి మందు తెలుగు క్లాసులోనే ఉందండి. పద్యం చెప్పేటప్పుడు తెలుగు మాస్టారు ఏం చేస్తారు? పదవిభాగం, అన్వయం, ప్రతిపదార్థం, తాత్పర్యం. అదే పిల్లవాడు ఇంగ్లీషు పోయెం దగ్గరికొచ్చేసరికి అన్వయం వదిలేసి నేరుగా ప్రతిపదార్థంలోకి దూకుతాడు. మాటలన్నీ తెలిసినా వాక్యం తెలియకపోవడం అందుకే.

ఫ్రాస్ట్ 'డస్ట్ ఆఫ్ స్నో' తీసుకోండి. పదో తరగతి ఎన్సీఈఆర్టీ పుస్తకంలో మొదటి పోయెం. చిన్నదే:

ద వే ఎ క్రో
షుక్ డౌన్ ఆన్ మీ
ద డస్ట్ ఆఫ్ స్నో
ఫ్రమ్ ఎ హెమ్లాక్ ట్రీ

హాజ్ గివెన్ మై హార్ట్
ఎ చేంజ్ ఆఫ్ మూడ్
అండ్ సేవ్డ్ సమ్ పార్ట్
ఆఫ్ ఎ డే ఐ హాడ్ రూడ్.

ముందు పిల్లవాణ్ణి ఫుల్‌స్టాప్‌లు లెక్కపెట్టమనండి. ఒక్కటే ఉంది. ఎనిమిది పాదాలు, 34 మాటలు, ఒకే వాక్యం. ఇప్పుడు ఆ వాక్యానికి అసలు క్రియ ఏదని అడగండి. నూటికి తొంభై మంది 'షుక్' అంటారు. కాదు. 'హాజ్ గివెన్', దానితో జతగా 'సేవ్డ్'. మరి ఇచ్చింది ఎవరు? 'కాకి' అంటారు. అదీ కాదు. 'ద వే', అంటే కాకి ఆ మంచుపొడిని నా మీద దులిపిన తీరు. మొదటి నాలుగు పాదాలూ కలిపి ఒకే కర్త! ఇది పట్టుకున్నాక తాత్పర్యం దానంతటదే వస్తుంది: కాకి దులిపిన ఆ తీరు నా మనసును మార్చింది, దండగైపోయిందని బాధపడుతున్న రోజులో కొంత భాగాన్ని దక్కించింది.

'కొంత భాగాన్ని' అన్నది వదలకండి. 'సమ్ పార్ట్' అన్నాడు, రోజంతా బాగుపడిందనలేదు. సమ్మరీల్లో 'కవి రోజంతా ఆనందంగా గడిపాడు' అని రాసేస్తుంటారు, మూలంలో లేని మాట. 'హాడ్ రూడ్' కూడా చూడండి. ఇది మొరటు అనే 'రూడ్' కాదు, 'రూ' అంటే నొచ్చుకోవడం. అదీ ఉత్త 'రూడ్' కాదు 'హాడ్ రూడ్', అంటే కాకి రాకముందే రోజు పాడైంది.

కాబట్టి వరస ఇదీ. అర్థం చెప్పకుండా రెండుసార్లు పైకి చదివించండి. ఫుల్‌స్టాప్ ఉన్నచోటల్లా అడ్డగీత పెట్టించండి. ప్రతి ముక్కలో క్రియ కింద గీత. ఆ క్రియను 'ఎవరు? ఏది? దేన్ని?' అని అడగడం. మాటల్ని మామూలు వచనం వరసలో తిరగరాయడం. నిఘంటువు తెరవడం ఆ తర్వాతే. ఎనిమిది పాదాల పోయెంకి ఇరవై నిమిషాలు పడుతుంది. అంతకు తగ్గించాలని చూడకండి.

#3 కరకట్ట

మాస్టారూ, ఒక్క ముక్క. అన్వయం అయ్యాక 'స్నో'కి 'మంచు' అని రాసి ఊరుకుంటే మళ్లీ మొదటికొస్తుంది. మనకి మంచు అంటే సంక్రాంతి ముందు తెల్లారుజామున కృష్ణ మీద కమ్మేసే పొగమంచు, లేదా గడ్డి మీద తడి. దాన్ని కాకి ఎలా దులుపుతుంది? పిల్లవాడు నీటి చుక్కలు పడ్డాయనుకుంటాడు.

ఇంగ్లీషులో ఫాగ్, డ్యూ, ఫ్రాస్ట్, స్నో, ఐస్ అని ఐదు వేర్వేరు సరుకులు. మనం ఐదింటికీ ఒకటే మాట వాడేస్తాం. ఇక్కడిది బాగా చలిలో పడే పొడి స్నో. ముగ్గుపిండి చేత్తో జల్లినట్టు రాలుతుంది, దులిపితే పోతుంది, వెంటనే తడపదు. 'డస్ట్' అన్నది అందుకే. గుప్పెడు ముగ్గుపిండి పిల్లవాడి భుజం మీద వేసి చూపిస్తే చాలు, వాళ్లమ్మ తిట్టుకున్నా సరే.

#4 కొత్తపేట రవి

గైడులో 'హెమ్లాక్ విషపు చెట్టు, కాకి అశుభం, కాబట్టి కవి దుఃఖంలో ఉన్నాడు' అని ఉంది. రాయొచ్చా?

#5 బ్రాడీపేట మాస్టారు

హెమ్లాక్ పేరుతో రెండున్నాయండి. విషమున్నది ఒక మొక్క, క్యారెట్, కొత్తిమీర కుటుంబానిది. సోక్రటీస్‌కి తాగించింది దాని రసమే అంటారు. పోయెంలో ఉన్నది 'హెమ్లాక్ ట్రీ', ఉత్తర అమెరికా అడవుల్లో పెరిగే సూదాకుల చెట్టు, దేవదారు జాతికి దగ్గరిది. విషం లేదు. 'విషపు చెట్టు' అని రాయడం తప్పే.

#6 సత్యనారాయణపురం లలిత

మాస్టారూ, పూర్తిగా కొట్టేయొద్దండీ. చెట్టు విషం కాకపోయినా ఆ పేరు వినగానే విషం గుర్తొస్తుంది, అది కవికి తెలియదా? కోయిల, గులాబీ వదిలి కాకినీ ఈ చెట్టునీ ఎంచుకోవడంలో ఉద్దేశం ఉంది. 'పేరులో విషం తగులుతుంది, చెట్టులో లేదు' అని రాయించండి. రెండూ నిలబడతాయి.

ఇక కాకి. ఇంట్లో పిల్లలకి కాకి అంటే అరిస్తే చుట్టాలొస్తారు, తల మీద తన్నితే తలంటు పోసుకోవాలి, పిండాల రోజు పిలిచి మరీ పెట్టాలి. ఇవన్నీ తెచ్చి జవాబులో రాస్తారు. మాట్లాడుకోడానికి ఎంత బాగున్నా జవాబులోకి రానివ్వకండి. పోయెంలో కాకి ఏ శకునమూ చెప్పడం లేదు. కొమ్మ మీద కదిలింది, అంతే.

#7 బ్రాడీపేట మాస్టారు

ఒప్పుకున్నానండీ. 'పేరులో విషం' అన్న మాట బావుంది, వాడుకుంటా.

#8 సత్యనారాయణపురం లలిత

లయ గురించి ఎవరూ ఎత్తలేదు. తొమ్మిదిలో గణవిభజన చేసే పిల్లలకి ఇది తేలిక కావాలి, కానీ అక్కడే పెద్ద తికమక. మన ఛందస్సు కాలం మీద నడుస్తుంది: లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు. ఇంగ్లీషు ఛందస్సు ఊనిక (స్ట్రెస్) మీద నడుస్తుంది. 'అయాంబ్' అంటే ఊనిక లేనిది ఒకటి, ఊనిక ఉన్నది ఒకటి. 'అది లగం, మన వ-గణం' అని చెబితే ఆకారం గుర్తుంటుంది, బాగుంది. కానీ వెంటనే పిల్లవాడు దీర్ఘాలు వెతకడం మొదలెడతాడు. దీర్ఘం కాదు, ఎక్కడ గొంతు నొక్కుతుందో అది.

ఇంకో గుంట: అక్షరాల లెక్క. 'ఫ్లోట్స్' తెలుగులో రాస్తే రెండక్షరాల్లా కనిపిస్తుంది. ఇంగ్లీషులో అది ఒకే సిలబుల్, ఎందుకంటే పలికే అచ్చు ఒక్కటే. అచ్చుల్ని లెక్కపెట్టమనండి.

వర్డ్స్‌వర్త్ 'డాఫడిల్స్' మొదటి పాదం బల్ల మీద తట్టి చూడండి. ఐ వాన్-డర్డ్ లోన్-లీ ఆజ్ ఎ క్లౌడ్. ఎనిమిది అచ్చులు, నాలుగు దెబ్బలు: వాన్, లోన్, ఆజ్, క్లౌడ్. 'ఐ' దగ్గర చెయ్యి ఇంకా గాల్లోనే ఉండాలి. మూడో దెబ్బ 'ఆజ్' మీద మెత్తగా పడుతుంది, గట్టిగా కొట్టిస్తే చెడుతుంది. రెండో పాదం: దట్ ఫ్లోట్స్ ఆన్ హై ఓర్ వేల్స్ అండ్ హిల్స్. ఇక్కడా ఎనిమిదే. 'ఓవర్' అని పూర్తిగా రాస్తే తొమ్మిదవుతుంది, తాళం తప్పుతుంది. 'ఓర్' అని కుదించింది అందుకే. నెవర్‌ని 'నేర్' అన్నా, ఇట్ ఈజ్‌ని 'టిజ్' అన్నా అదే కారణం. పాత మాటలని భయపడే పిల్లలకి ఈ సంగతి చెబితే సగం బెరుకు పోతుంది.

మనం మామూలుగా అన్ని అచ్చులూ సమానంగా పలుకుతాం కాబట్టి ఊనిక మొదట్లో చెవికి ఆనదు. నిఘంటువులో ఉచ్చారణ పక్కన చిన్న నిలువుగీత ఉంటుంది చూడండి, దాని వెనకే వచ్చే సిలబుల్ మీద ఊనిక. డాఫడిల్‌లో మొదటిదాని మీద.

#9 కొత్తపేట రవి

అంత్యప్రాస గుర్తించడం? ప్రాస కలిసిన పాదాలకి ఒకే అక్షరం వేసి ఏబీఏబీ అని రాయమంటారు కదా.

#10 సత్యనారాయణపురం లలిత

మన ప్రాస పాదంలో రెండో అక్షరం. వాళ్ల రైమ్ పాదం చివర. ఆ తేడా ముందు చెప్పండి. తర్వాత స్పెల్లింగ్ చూడొద్దు, వినమనండి. విన్నా కుదరనివి కొన్నుంటాయి. బ్లేక్ 'టైగర్' (1794)లో 'ఐ', 'సిమెట్రీ' జత కట్టాడు. షెల్లీ 'ఓజిమాండియాస్'లో 'స్టోన్', 'ఫ్రౌన్'. చెవికి సరిపోకపోయినా కవి జతగా వాడాడు కాబట్టి ఒకే అక్షరం వేయాలి. ఏ స్థానంలో రావాలో చుట్టూ ఉన్న పాదాల అమరిక చెబుతుంది.

ఫ్రాస్ట్ 'స్టాపింగ్ బై వుడ్స్' (1923) మీద చేయించండి, సరదాగా ఉంటుంది. ఏఏబీఏ, బీబీసీబీ, సీసీడీసీ, డీడీడీడీ. ప్రతి స్టాంజాలో ఒంటరిగా మిగిలిన మూడో పాదం శబ్దం తర్వాతి స్టాంజాని నడిపిస్తుంది, గొలుసు లంకెలాగా. ఆఖర్లో లంకె వెయ్యడానికి ఇంకో స్టాంజా లేదు. అందుకే నాలుగూ ఒకే శబ్దం, చివరి పాదం రెండుసార్లు.

#11 ఏలూరు రోడ్డు పాఠకుడు

అదే పోయెంలో ఒక కామా గొడవ ఉంది. 'ద వుడ్స్ ఆర్ లవ్లీ, డార్క్ అండ్ డీప్' అని ఫ్రాస్ట్ రాశాడు, లవ్లీ తర్వాత ఒక్కటే కామా. ఆయన పోయాక 1969లో వచ్చిన సంపుటంలో సంపాదకుడు డార్క్ తర్వాత ఇంకోటి చేర్చాడు. ఫ్రాస్ట్ పెట్టినట్టు చదివితే అడవి అందంగా ఉంది, ఎందుకంటే చీకటిగా, లోతుగా ఉంది. రెండో కామా పెడితే మూడు విడివిడి గుణాల పట్టీ. పిల్లల పుస్తకంలో ఏది ఉందో చూసుకోండి. బెజవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో దొరికే సంకలనాల్లో రెండు రకాలూ కనిపిస్తాయి.

'హి గివ్స్ హిజ్ హార్నెస్ బెల్స్ ఎ షేక్'లో 'హి' గుర్రం, యజమాని కాదు. మొదటి స్టాంజాలో 'హిజ్ హౌస్' అన్నచోట అడవి యజమాని. సర్వనామం ఎవరిదో ప్రతిసారీ బాణం గీయించండి.

#12 పటమట వాణి

ఎంత విషయం ఉందండీ ఒక్కో పోయెంలో! ఫ్రాస్ట్‌దే 'రోడ్ నాట్ టేకెన్' గురించి చెప్పండి, తొమ్మిదిలో ఉంది. 'కష్టమైన దారి ఎంచుకుని కవి గెలిచాడు' అనే చెబుతున్నారు అందరూ.

#13 బ్రాడీపేట మాస్టారు

అందరూ అనేది పోయెం అనట్లేదండి. రెండో స్టాంజా చివరికి వెళ్లండి: అక్కడ నడిచినవాళ్లు రెండు దారుల్నీ 'రియల్లీ అబౌట్ ద సేమ్' అరగదీశారు. మూడో స్టాంజా మొదట్లో: ఆ పొద్దున రెండూ 'ఈక్వల్లీ' ఆకులు పరుచుకుని ఉన్నాయి. ఈ రెండు మాటల కింద ఎర్రగీత కొట్టించండి. రెండు దారులకీ పెద్ద తేడా లేదు.

మరి 'తక్కువమంది నడిచిన దారి పట్టాను' అన్నది? ఆఖరి స్టాంజా కాలం చూడండి: 'ఐ షల్ బి టెల్లింగ్'. అంటే ఎప్పుడో ముసలితనంలో నిట్టూరుస్తూ ఇలా చెప్పుకుంటాను అంటున్నాడు. జరిగింది వేరు, తర్వాత చెప్పుకోబోయేది వేరు. ఫ్రాస్ట్ దీన్ని ఎడ్వర్డ్ థామస్ అనే మిత్రుణ్ణి ఆటపట్టిస్తూ రాశాడు. ఏ దారిన వెళ్లినా రెండోదే మేలేమోనని నొచ్చుకునే మనిషట ఆ థామస్. అచ్చయింది 1915లో.

#14 కొత్తపేట రవి

మాస్టారూ, ఇది రాస్తే మార్కులు పోవా?

#15 బ్రాడీపేట మాస్టారు

'దారి దేనికి గుర్తు?' అంటే జీవితంలో ఎంపికకు అని రాయాలి, అందులో ఎవరికీ పేచీ లేదు. 'మళ్లీ వెనక్కి వస్తానో రానో' అన్న అనుమానమూ పోయెంలోనే ఉంది. మానాల్సింది 'డిఫికల్ట్ పాత్' అన్న మాట ఒక్కటే. ఆ మాట పోయెంలో ఎక్కడా లేదు. ఏ జవాబైనా మూడు వాక్యాల్లో కట్టించండి: ఏమంటున్నాడు, ఏ మాట వల్ల తెలిసింది, ఆ మాట చేసే పనేమిటి. రెండో వాక్యంలో పోయెంలోని మాట కొటేషన్లో ఉంటే దిద్దేవారు కాదనడం కష్టం.

#16 కరకట్ట

ఇక షేక్‌స్పియర్ 18వ సానెట్ (సానెట్ అంటే పద్నాలుగు పాదాల పోయెం; అచ్చు 1609). 'షల్ ఐ కంపేర్ దీ టు ఎ సమ్మర్స్ డే?' మన ఊళ్లో ఎవరినైనా 'నువ్వు రోహిణి కార్తె మిట్టమధ్యాహ్నంలా ఉన్నావు' అంటే కొట్టడానికొస్తారు. 45 డిగ్రీలు తాకే బెజవాడలో వేసవి తిట్టు. వాళ్లకి ఏడాది మొత్తంలో హాయిగా ఉండే నాలుగు రోజులు అవే. ఈ సంగతి చెప్పకుండా రెండో పాదంలోకి వెళ్లొద్దు. ఇదే చిక్కు షెల్లీ పోయెం 'వెస్ట్ విండ్' దగ్గరా ఉంది. మనకి మే నెల పడమటి గాలి అంటే వడగాలి, వాళ్లకి అట్లాంటిక్ నుంచి వానమబ్బుల్ని తెచ్చే గాలి.

నాకు నచ్చేది నాలుగో పాదం. 'సమ్మర్స్ లీజ్ హాత్ ఆల్ టూ షార్ట్ ఎ డేట్.' లీజ్ అంటే కౌలు! గుంటూరు జిల్లా పిల్లలకి ఇంతకంటే విడమరిచి చెప్పక్కర్లేదు. వేసవి భూమిని కౌలుకి తీసుకుంది, గడువు మరీ పొట్టిది, ఖాళీ చేసి పోవాలి. డేట్ అంటే ఇక్కడ తారీఖు కాదు, గడువు. హాత్ అంటే హాజ్. దౌ, దీ, దై మూడూ 'నువ్వు, నిన్ను, నీ'. కర్తకి దౌ, కర్మకి దీ.

#17 కొత్తపేట రవి

సానెట్ ఆఖరి రెండు పాదాలు మన శతకాల్లో మకుటం లాంటివేనా?

#18 సత్యనారాయణపురం లలిత

కాదండి. మకుటం ప్రతి పద్యానికీ అదే మాట. కప్లెట్, అంటే ఆ ఆఖరి రెండు పాదాలు, ఆ ఒక్క సానెట్‌కే, ముందున్న పన్నెండు పాదాల వాదనకి ముక్తాయింపు. పల్లవితో పోల్చాలంటే టెన్నిసన్ 'బ్రూక్' ఉంది, 'ఫర్ మెన్ మే కమ్ అండ్ మెన్ మే గో' తిరిగి తిరిగి వస్తుంది. 18వ సానెట్‌లో మలుపు మాత్రం తొమ్మిదో పాదంలో, 'బట్' దగ్గర. అంతవరకూ వేసవిలో లోపాలెన్నాడు, అక్కడినుంచి 'నీ వేసవి వాడదు' అంటాడు. సానెట్ ఏదైనా తొమ్మిదో పాదం ముందు చూడమనండి.

#19 ఏలూరు రోడ్డు పాఠకుడు

'డాఫడిల్స్' గురించి రెండు మాటలు. 'ఎ పోయెట్ కుడ్ నాట్ బట్ బి గే.' దీన్ని 'కవి సంతోషంగా ఉండలేకపోయాడు' అని తలకిందులు చేస్తారు. 'కుడ్ నాట్ బట్' అంటే 'సంతోషించకుండా ఉండలేకపోయాడు'. రెండు కాదులు కలిస్తే ఔను. గే అనగానే క్లాసులో నవ్వులు మొదలవుతాయి కాబట్టి 1807లో ఆ మాటకి 'ఉల్లాసం' అని అర్థం అని ముందే చెప్పేసి ముందుకెళ్లండి.

రెండోది, కాలం మార్పు. మూడు స్టాంజాలు దాదాపు భూతకాలం, నాలుగోది 'ఫర్ ఆఫ్ట్, వెన్ ఆన్ మై కౌచ్ ఐ లై' అని వర్తమానం. అసలు పోయెం అక్కడుంది: పూలు చూసిన రోజు కాదు, తర్వాత ఇంట్లో పడుకుని తలుచుకునే రోజు. చెల్లెలు డొరొతీతో కలిసి ఆ పూలు చూసింది 1802 ఏప్రిల్ 15న, ఉల్స్‌వాటర్ సరస్సు ఒడ్డున. పోయెం రాసింది ఆ తర్వాత రెండేళ్లకి. డొరొతీ తన డైరీలో ఆ నడక రాసుకుంది కాబట్టే మనకి తారీఖు తెలుసు. పోయెంలో మాత్రం 'లోన్లీ' అన్నాడు! మాట్లాడే 'ఐ' అచ్చంగా కవే అనుకోకూడదనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి. జవాబులో 'ద స్పీకర్' అని రాయించండి.

ఆ పువ్వు చూడని పిల్లలకి వరికోతల తర్వాత డెల్టాలో పసుపుపచ్చగా పూసే జనుము చేలు గుర్తు చేయొచ్చు, పరుపు పరిచినట్టుండే ఆ దృశ్యం కోసం మాత్రమే. మొక్క వేరు: ఇది ఉల్లిపాయలాంటి గడ్డ నుంచి వస్తుంది, కాడకి సాధారణంగా ఒకటే పువ్వు, మధ్యలో బాకా ఆకారం.

#20 పటమట వాణి

'ఓజిమాండియాస్' మిగిలింది. 'ట్రంక్‌లెస్ లెగ్స్' అంటే ఒక పిల్లల నోట్సులో 'తొండం లేని కాళ్లు' అని ఉంది :)

#21 బ్రాడీపేట మాస్టారు

తొండం లేని ఏనుగు! ట్రంక్ అంటే మొండెం. కాళ్లు నిలబడి ఉన్నాయి, పైన మొండెం లేదు, పగిలిన ముఖం ఇసుకలో సగం కూరుకుపోయింది.

ఈ సానెట్‌లో ముందు గొంతులు విడదీయండి. 'ఐ' అన్నవాడు విగ్రహాన్ని చూడలేదు, దేశం తిరిగొచ్చినవాడు చెబితే విన్నాడు. ఆ ప్రయాణికుడు పీఠం మీది రాతని చదివి చెబుతున్నాడు. పీఠం మీద మాట్లాడేది రాజు, ఈజిప్టు రెండో రామ్‌సెస్‌కి గ్రీకులు పెట్టిన పేరు ఓజిమాండియాస్. మూడు రంగుల పెన్సిళ్లతో గీయించండి. 'కవి ఎడారిలో విగ్రహం చూశాడు' అని రాస్తే ఆ వాక్యం తప్పు.

గట్టి ముడి ఆరు నుంచి ఎనిమిది పాదాల్లో ఉంది. 'ప్యాషన్స్... విచ్ యెట్ సర్వైవ్... ద హ్యాండ్ దట్ మాక్డ్ దెమ్, అండ్ ద హార్ట్ దట్ ఫెడ్.' అందరూ 'సర్వైవ్' దగ్గర ఆపేసి 'బతికున్నాయి' అంటారు, అప్పుడు హ్యాండ్, హార్ట్ గాల్లో వేలాడతాయి. ఇక్కడ సర్వైవ్‌కి కర్మ ఉంది. ఇంగ్లీషు పేపర్లో శ్రద్ధాంజలి ప్రకటనల్లో 'సర్వైవ్డ్ బై వైఫ్ అండ్ టూ సన్స్' అని వేస్తారే, అదే వాడుక: ఒకరు పోయాక కూడా ఉండటం. కాబట్టి అన్వయం: ఆ ముఖంలోని గర్వం, ఈసడింపు రాతిలో అచ్చుపడి, వాటిని చెక్కిన చేతి తర్వాతా, వాటిని పోషించిన గుండె తర్వాతా మిగిలాయి. చెయ్యి శిల్పిది, గుండె రాజుది. 'మాక్డ్'కి అప్పట్లో అనుకరించడం, వెక్కిరించడం రెండూ అర్థాలే. శిల్పి రెండూ చేశాడు.

ఇది పట్టుకున్నవాడికి మిగతా సానెట్ అరటిపండు ఒలిచినట్టే.

#22 పటమట వాణి

'నథింగ్ బిసైడ్ రిమెయిన్స్'లో బిసైడ్ అంటే పక్కన ఏమీ మిగల్లేదనా మాస్టారూ?

#23 బ్రాడీపేట మాస్టారు

'అది తప్ప' అని ముందు చెప్పండి: ఆ ముక్కలు తప్ప ఇంకేమీ మిగల్లేదు. 'పక్కన' అనుకున్నా చుట్టూ ఇసుకే కాబట్టి దృశ్యం చెడదు. దాని పై పాదంలో 'యీ మైటీ' అన్న 'యీ' బహువచనం, 'ఓ మహారాజులారా' అని. 'డెస్పెయిర్' మాత్రం రెండుసార్లు చదివించండి. ఒకసారి రాజు గొంతుతో: నా కట్టడాలు చూసి, మీ వల్ల కాదని కుంగిపోండి. రెండోసారి ఇసుక మధ్య నిలబడిన ప్రయాణికుడి గొంతుతో: ఇంతటివాడివే మిగల్లేదు, మీవేం మిగులుతాయి. మాట ఒక్కటీ మారదు.